రూముల్లో ఉండే పిల్లలకి పప్పు, పులుసు నేర్పే పేజీ కావాలి

సంపాదకుల గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే వంటల పేజీ నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను, కత్తిరించి దాచుకున్నవి కూడా ఉన్నాయి. కానీ ఈ మధ్య ఆ పేజీ తెరిస్తే బాధేస్తోంది. పనీర్, జీడిపప్పు పేస్టు, ఫ్రెష్ క్రీమ్, కసూరీ మేతి, వెన్న, చివర్లో పైన చల్లడానికి మళ్లీ జీడిపప్పు. ఒక్క కూరకి పదిహేను పదహారు సరుకులు. అవన్నీ కొని ఇంటికొచ్చేసరికి నాలుగైదు వందలు ఖర్చు. ఇది ఎవరి కోసం వేస్తున్నారో నాకు నిజంగా అర్థం కావడం లేదు. అంత పెట్టగలిగినవాళ్లు ఫోన్లో ఆర్డర్ పెట్టుకుంటున్నారు. వంట నేర్చుకోక తప్పనివాళ్ల దగ్గరేమో ఆ సరుకులు కొనే డబ్బుల్లేవు. తక్కువ డబ్బుతో, ఒకే పొయ్యి మీద, మిక్సీ కూడా లేకుండా రోజూ తినే కూరలు ఎలా వండుకోవాలో నేర్పే చిన్న శీర్షిక వారానికి ఒకసారైనా వేయమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉన్నా దయచేసి పూర్తిగా చదవండి.

నేను చిక్కడపల్లిలో ఉంటాను. మా ఇంటి పైన రెండు గదులు చదువుకునే పిల్లలకి అద్దెకిచ్చాం. అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్లినా ఇదే. గ్రూప్స్ అనీ ఎస్సై అనీ డీఎస్సీ అనీ సర్కారు ఉద్యోగ పరీక్షల కోసం ఊళ్లనుంచి వచ్చి, పొద్దున లైబ్రరీలో కూర్చుంటే రాత్రికి గాని తిరిగిరాని పిల్లలు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు కూలికో కౌలు సేద్యానికో పోతూ నెలనెలా డబ్బులు పంపిస్తుంటారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వస్తే పరీక్ష ఎప్పుడు జరుగుతుందో, జరిగితే ఫలితాలు ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు. ఇన్ని టెన్షన్ల మధ్య ఆ పిల్లలు తగ్గించుకునేది ఏమిటో తెలుసా? తిండి. పుస్తకం తగ్గించరు, కోచింగ్ ఫీజు తగ్గించడం వాళ్ల చేతిలో లేదు, గది అద్దె అసలే తగ్గదు. మిగిలింది పొట్టే కదా.

మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే మా సందు చివర కర్రీ పాయింట్ దగ్గర లైను కడతారు. అన్నం మాత్రం గదిలో రైస్ కుక్కర్లో వండుకుంటారు, కూరలు బయట తెచ్చుకుంటారు. బియ్యానికి పెద్దగా ఇబ్బంది లేదు, చాలామంది ఊరినుంచే తెచ్చుకుంటారు. పైగా 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి ఇంట్లో మిగిలిన బియ్యం కొడుకుకి బస్సులో పంపించే తల్లులున్నారు. కష్టమల్లా కూర దగ్గరే. పప్పు ఒక ప్యాకెట్, వేపుడు ఒక ప్యాకెట్, సాంబారో రసమో ఇంకొకటి, ఒక్కోటి మా దగ్గర ముప్పై నలభై రూపాయలు. ముగ్గురు కలిసి పంచుకున్నా పూటకి వంద పైనే, రెండు పూటలకి రెండు వందలు, నెల తిరిగేసరికి ఆరు వేలు. ఇందులో పాలు లేవు, పెరుగు లేదు, పండు లేదు, గుడ్డు లేదు. ఆ పప్పు కవర్ విప్పి గిన్నెలో పోస్తే నీళ్లు ఒక పక్కకి, పసుపు రంగు ఒక పక్కకి వెళ్లిపోతాయి, గరిటె పెట్టి వెతికితే గాని పలుకు తగలదు. వేడివేడిది పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసి ఇస్తారు, అది చూస్తేనే నాకు మనసు ఒప్పదు.

కర్రీ పాయింట్లవాళ్ల మీద నాకు కోపం లేదు. మా సందులో ఆ కొట్టు నడిపేది భార్యాభర్తలిద్దరే, తెల్లారకముందే లేచి కూరగాయలు తరుగుతారు, ఆ రేటుకి అంతకన్నా మంచి పప్పు వాళ్లు మాత్రం ఎలా ఇస్తారు, అద్దె కట్టాలి, కమర్షియల్ గ్యాసు కొనాలి. ఉద్యోగాలు చేసుకునే భార్యాభర్తలకి, ముసలివాళ్లకి అదొక ఆసరా. నేననేది ఒక్కటే, ఏళ్లతరబడి రెండు పూటలా అదే తినాల్సిన పరిస్థితి ఇరవై మూడు, ఇరవై అయిదేళ్ల పిల్లలకి రాకూడదు. ఇక వేపుళ్ల సంగతి వేరే చెప్పాలా. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పదేపదే కాగితే పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే దాన్ని మళ్లీ వంటకి వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. సందు చివర మూకుడులో దాన్ని కొలిచేది ఎవరండీ?

అయిదు రూపాయల భోజనం ఉంది కదా అంటారు కొందరు. ఉంది, మంచి పథకం. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టింది, ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో వచ్చి, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. వేలమంది కడుపు నింపుతున్నాయి, వాటిని ఒక్క మాట అనను. కానీ హైదరాబాద్‌లో ఆ భోజనం మధ్యాహ్నానిది. రాత్రి పదింటికి లైబ్రరీ నుంచి వచ్చినవాడికి గదిలో ఏదో ఒకటి ఉండాలి.

మరి వీళ్లు ఎందుకు వండుకోరు? బద్ధకం అని తేల్చేసేవాళ్లు ఒక్కసారి మా ఇంటికి రండి. పొద్దున నాలుగున్నరకి లేచి గ్రౌండుకి వెళ్లి పరుగెత్తి వచ్చేవాళ్లు బద్ధకస్తులు ఎలా అవుతారు! వాళ్లకి ఎవరూ నేర్పలేదు, అంతే. ఇంట్లో మగపిల్లాణ్ణి వంటింట్లోకి రానివ్వరు. ఆడపిల్లల్ని కూడా ఇప్పుడు చదువుకోమంటున్నారు, అది మంచిదే, కానీ దాంతో పాటు వంట నేర్పడం మానేశారు, మగపిల్లాడికి నేర్పడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. అదే అమెరికాకి ఎమ్మెస్‌కి పోయే పిల్లాడైతే వీసా వచ్చిన మర్నాడే అమ్మ పక్కన నిలబెట్టుకుని పప్పు, చారు, కోడిగుడ్డు కూర నేర్పిస్తుంది, కారం, పసుపు, పొడులు కొలిచి ప్యాక్ చేస్తుంది, డల్లాస్‌లో పిల్లాడు ఏం తింటాడోనని. మూడొందల కిలోమీటర్ల దూరంలో చిక్కడపల్లికి వచ్చే పిల్లాడికి ఆ నాలుగు రోజుల శిక్షణ ఎందుకు ఇవ్వరు? బయట దొరుకుతుంది కదా అని ధీమా.

పైన గదుల్లో పిల్లలు నన్ను ఆంటీ అంటారు. వాళ్లకి నేను నేర్పిన పద్ధతి ఇక్కడ రాస్తాను, మీ శీర్షికకి పనికొస్తుందేమో చూడండి. పుస్తకంలో ఉన్నట్టు ఒక్కో కూరకి ఒక్కో లిస్టు పెట్టుకుని నేర్చుకుంటే జీవితకాలం సరిపోదు. మన ఇళ్లల్లో రోజూ వండేవి చూస్తే మొత్తం నాలుగు దారుల్లోనే ఉంటాయి: పప్పు, పులుసు, వేపుడు, కొంచెం నీళ్లు పోసి మగ్గబెట్టే ముద్దకూర. ఇవి ఎక్కాల లాంటివి, ఒకసారి వస్తే లెక్క ఏదైనా చేయొచ్చు. పాలకూర పప్పు వచ్చినవాడికి తోటకూర పప్పు, దోసకాయ పప్పు, సొరకాయ పప్పు, మామిడికాయ పప్పు వచ్చేసినట్టే. ఆ రోజు బజార్లో ఏది చవగ్గా ఉంటే అది తెచ్చుకుంటాడు. తక్కువ డబ్బుతో వండుకోవడంలో అసలు సంగతి ఇదే. ఫలానా కూర చేద్దామని బజారుకి వెళ్లేవాడికి డబ్బు చాలదు. బజార్లో ఉన్నదాంతో వండడం తెలిసినవాడికి చాలుతుంది.

పప్పుతో మొదలుపెట్టిస్తాను. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. ఒకబ్బాయి వచ్చి "ఆంటీ, ఏడు విజిల్స్ వచ్చినా పప్పు పలుగ్గానే ఉంది, కుక్కర్ పాడైందేమో చూడండి" అన్నాడు. కుక్కర్ బాగానే ఉంది. నీళ్లు బోరువి. హైదరాబాద్ బోరు నీళ్లల్లో సున్నం ఎక్కువ, ఆ నీళ్లల్లో కందిపప్పు త్వరగా మెత్తబడదు. పైగా అతను చింతపండు కూడా ముందే వేసేశాడు, పులుపు తగిలితే పప్పు బిర్రబిగుసుకుంటుంది. మర్నాడు అదే పప్పు అరగంట ముందు నానబెట్టించి, నల్లా నీళ్లు పోయించి, చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె వేయించి, పులుపు తర్వాత వేద్దువు ఆగమన్నాను. మూడు విజిల్స్‌కి వెన్నలా ఉడికింది. విజిల్స్ అయిపోయాక వెంటనే మూత తీయడానికి ఆవిరి బయటికి వదిలేస్తారు పిల్లలు, అలా చేయొద్దు, పొయ్యి కట్టేసి వదిలేస్తే ఆ ఆవిరికే ఇంకాస్త మగ్గుతుంది, గ్యాసు ఖర్చు కూడా కలిసొస్తుంది. కుక్కర్ లేనివాళ్లకి పెసరపప్పు ఉంది. నానబెట్టకపోయినా మామూలు గిన్నెలో మూతపెడితే ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది, బీరకాయ ముక్కలో సొరకాయ ముక్కలో అందులోనే వేసేయొచ్చు. కందిపప్పులో మనకి తాండూరు కంది ఎంత పేరున్నదో చెప్పక్కర్లేదు, 2022లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక పంట అనే గుర్తింపు కూడా వచ్చింది. అది దొరికితే వాసనే వేరు, దొరక్కపోతే పాలిష్ తక్కువున్నది చూసి కొనుక్కోమంటాను.

ఖర్చు చెప్తాను. పావుకిలో కందిపప్పు, రెండు కట్టలు ఆకుకూర, రెండు టమాటాలు, పచ్చిమిర్చి, పోపు సామాను కలిపి మా దగ్గర డెబ్భై, ఎనభై రూపాయలు. అరకిలో దొండకాయో బెండకాయో వేపుడుకి నూనెతో కలిపి ఇంకో నలభై. నూట ఇరవైలో ముగ్గురికి రెండు పూటలా గట్టి పప్పు, వేపుడు. బయట రెండు వందలయ్యేది. నెలకి రెండు వేల పైన మిగులుతుంది, దాంతో పెరుగు, గుడ్లు, అరటిపండ్లు వస్తాయి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రెండు వేల క్యాలరీలు తినే మనిషికి రోజుకి పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలని చెప్పారు. కర్రీ పాయింట్ కవర్లతో ఆ లెక్క ఎన్ని జన్మలెత్తినా చేరదు. ఇంట్లో వండుకుంటే పప్పు లెక్కయినా దాదాపు చేరుతుంది.

పోపు విషయంలో పిల్లలందరూ అన్నీ ఒకేసారి గుప్పెడు పోసేస్తారు. నూనె బాగా కాగాక ముందు ఆవాలు, అవి చిటపటలాడటం పూర్తయ్యాక మినప్పప్పు, అది ఎర్రబడే ముందు జీలకర్ర, ఎండుమిర్చి, నలగ్గొట్టిన వెల్లుల్లి, చివర్లో కరివేపాకు. ఆవాలు చిట్లకపోతే చేదు, జీలకర్ర ముందు వేస్తే మాడుతుంది. పప్పులో ఇంతకు మించి మసాలా అక్కర్లేదు. గరం మసాలా డబ్బా కొనకుండానే నెలంతా వండుకోవచ్చని చెప్తే మొదట్లో ఎవరూ నమ్మలేదు, ఎందుకంటే టీవీలో, ఫోన్లో చూసే ప్రతి కూరలోనూ అది ఉంటుంది.

పులుసు నేర్పడం నాకు అన్నిటికన్నా ఇష్టం. సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక అబ్బాయికి కోడిగుడ్డు పులుసు నేర్పించాను. ఉల్లిపాయలు సన్నగా తరిగాడు, నూనెలో నాలుగు మెంతి గింజలు, ఆవాలు వేశాక ఉల్లిపాయలు వేసి, రెండు నిమిషాలకే "అయిపోయిందా ఆంటీ, కారం వేసేయనా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆగు నాన్నా అన్నాను. చిటికెడు ఉప్పు వేయించాను, ఉప్పు పడితే ఉల్లిపాయ నీరు వదిలి తొందరగా మెత్తబడుతుంది. ముందు పచ్చివాసన వస్తుంది, తర్వాత ఆ వాసన తియ్యగా మారుతుంది, ముక్కల అంచులు ఎర్రబడతాయి, గరిటెతో నొక్కితే చితికిపోతాయి. అప్పుడు మంట తగ్గించి పసుపు, కారం, ధనియాల పొడి. కారం మాడకుండా వెంటనే ఒక గరిటెడు నీళ్లు. ఆ తర్వాత నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసు, కాస్త బెల్లం ముక్క. పులుసు మరిగి మరిగి చిక్కబడి, నూనె పక్కలకి తేలి ఎర్రగా మెరిసేదాకా గుడ్లు వెయ్యొద్దన్నాను. ఉడికించిన గుడ్లకి నాలుగువైపులా గాట్లు పెట్టి వేశాడు. ఆ రోజు కింద మా వంటింటిదాకా వాసన వచ్చింది. ఇప్పుడు అతను అదే దారిలో బెండకాయ పులుసు, వంకాయ పులుసు, సొరకాయ పులుసు, ఆదివారం డబ్బులుంటే చేపల పులుసు కూడా పెడుతున్నాడు, నన్ను అడగడం లేదు. ఎండాకాలంలో గ్యాసు కూడా వెలిగించకుండా పచ్చి పులుసు పిసికేస్తాడు, అది వాళ్లమ్మ దగ్గర చూసిందేనట, చూశాడు గాని ఎప్పుడూ చేయలేదు.

ముద్దకూరకి ఎక్కువ చెప్పక్కర్లేదు, పోపులో ముక్కలు వేసి మూతపెట్టి మగ్గనివ్వడమే. వేపుళ్లలో బెండకాయ కడిగాక తడి లేకుండా తుడిచి తరగాలి, మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో వేయాలి. వంకాయ ముక్కలు ఉప్పు నీళ్లల్లో వేయాలి. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను, సొరకాయ, బీరకాయ, దోసకాయ తరిగే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలి, చేదుగా ఉంటే మొత్తం పారేయాల్సిందే, డబ్బు పోయిందని వండితే ఆసుపత్రి పాలవుతారు.

నూనె గురించి. మన దేశం వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే తెచ్చుకుంటుంది. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచగానే ప్యాకెట్ ధర ఎలా ఎగిరిందో అందరం చూశాం. ప్యాకెట్ కత్తిరించి మూకుట్లోకి వంచేస్తే వారానికి లీటరు అయిపోతుంది. సీసాలో పోసుకుని స్పూనుతో కొలిచి వేయమంటాను. మొదట చాలదనిపిస్తుంది. చిన్న మంట మీద మూతపెట్టి మగ్గనిచ్చి, చివరి అయిదు నిమిషాలు మూత తీసి వేపితే సగం నూనెతో అదే వేపుడు వస్తుంది.

ఇక పొడులు. పుట్నాలు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు కలిపి పొడి కొట్టి సీసాలో పెట్టుకుంటే వారాలు ఉంటుంది. మిక్సీ మాది వాడుకుంటారు. కూర వండే ఓపిక లేని రాత్రి వేడి అన్నంలో అది, కొంచెం నూనో నెయ్యో. దొండకాయ వేపుడు చివర్లో రెండు స్పూన్లు చల్లితే దాని రుచే మారిపోతుంది. పల్లీల పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి కూడా ఇంతే. పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో పిల్లల్ని కాపాడేవి ఇవే. బీరకాయ తొక్కు పారేయకుండా పచ్చడి చేసుకోవచ్చని చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడాల్సింది, ఇప్పుడు దానికోసమే బీరకాయలు కొంటున్నారు.

నేను పుట్టింది ఖమ్మం జిల్లాలో, కాబట్టి కారం గురించి చెప్పకుండా ఉండలేను. చిన్న చిన్న కారం ప్యాకెట్లు నెలకి నాలుగు కొనేకన్నా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త మిర్చి వచ్చే రోజుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కిలో కాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, గిర్నీలో పట్టించుకుంటే నెలలతరబడి వస్తుంది, ఏం కలిసిందో అనే అనుమానం కూడా ఉండదు. మా వైపు పండే తేజ రకం ఘాటు ఎక్కువ, అర స్పూను సరిపోయే చోట పిల్లలు రెండు స్పూన్లు వేసి కళ్లనీళ్లు పెట్టుకుంటారు, అది ముందే చెప్పాలి. పసుపు కొమ్ములు, ధనియాలు, చింతపండు, పప్పులు నెలకోసారి బేగంబజార్‌కి వెళ్లి తెచ్చుకుంటే వీధి కిరాణాకన్నా బాగా తక్కువ పడుతుంది. ఒక్కరికోసం అంత దూరం వెళ్లడం దండగ, రెండు గదులవాళ్లు కలిసి వెళ్తే లాభం.

కూరగాయలకి రైతు బజారు. 1999లో మొదలైనప్పటినుంచి మధ్యతరగతికి అంత మేలు చేసింది ఇంకోటి లేదని నా నమ్మకం. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, వనస్థలిపురం, ఎక్కడ దగ్గరైతే అక్కడ. బోర్డు మీద ధర రాసి ఉంటుంది, ముందు బోర్డు చదివి, తర్వాత సంచి తెరవమంటాను పిల్లలకి. సాయంత్రం పొద్దుపోయాక వెళ్తే ఆకుకూరలు ఇంకా తగ్గించి ఇస్తారు, కానీ ఆకు వాడిపోయి ఉంటుంది కాబట్టి ఆ రాత్రే వండేయాలి, ఫ్రిజ్ లేని గదుల్లో రెండో రోజుకి ఉండదు. కాలం కూడా చూసుకోవాలి. మాఘమాసంలో చిక్కుడుకాయ, వేసవి మొదట్లో చింతచిగురు, మామిడికాయ, వానలు పడ్డాక గోంగూర, బచ్చలికూర, గంగవాయిలి కూర. 2023 జులైలో టమాటా మదనపల్లె మార్కెట్లోనే కిలో 200 దగ్గరికి పోయింది, అప్పుడు ఎంతోమంది కూర వండటమే కష్టమైపోయిందన్నట్టు మాట్లాడారు. టమాటా దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట, అది రాకముందు మన తాతముత్తాతలు పులుసు పెట్టుకోలేదా? చింతపండు ఉంది, చుక్కకూర ఉంది, గోంగూర ఉంది, నిమ్మకాయ ఉంది. మళ్లీ కొన్ని నెలలకే అదే టమాటాకి గిట్టుబాటు లేక రైతులు రోడ్ల మీద పారబోసిన రోజులూ మీ పత్రికలోనే చదివాను. ధర పడిపోయినప్పుడు నాలుగు కిలోలు కొని నిల్వ పచ్చడి పెట్టుకోవడం తెలిసినవాళ్లు పదింతలమంది ఉంటే ఆ రైతుకి కూడా ఎంతో కొంత ఊరట కదా.

గ్యాసు సంగతి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. గదుల్లో ఉండే పిల్లలు చాలామంది చిన్న స్టవ్ బుడ్డీలు వాడతారు, అవి అయిపోతే పెద్ద సిలిండర్ నుంచి దొంగతనంగా నింపే కొట్లలో కిలోల లెక్కన నింపించుకుంటారు. అది ప్రాణాలమీదకి తెచ్చుకోవడమే. ఆయిల్ కంపెనీలే అయిదు కిలోల సిలిండర్ అమ్ముతున్నాయి, దానికి ఈ ఊళ్లో అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఏదో ఒక గుర్తింపు కార్డు చాలు, గ్యాస్ ఏజెన్సీల్లో దొరుకుతుంది, కొన్ని పెట్రోల్ బంకుల్లో కూడా ఇస్తారు. ఈ సంగతి పిల్లలకి తెలియదు. ఇంటి ఓనర్లకి కూడా ఒక మాట. వంట చేస్తే గోడలు పాడవుతాయని పొయ్యి పెట్టనివ్వని ఓనర్లు మా వీధిలోనే ఉన్నారు. గోడకి మళ్లీ సున్నం వేసుకోవచ్చు. మన ఇంట్లో ఉంటున్న పిల్లలు సరిగ్గా తినడం లేదని తెలిసీ ఊరుకోవడం సరికాదు. కిటికీ తెరిచి పెట్టుకోమనండి, కరెంటు మీటరు వేరే పెట్టించండి, ఇండక్షన్ స్టవ్ అయినా పెట్టుకోనివ్వండి.

ఇప్పుడు మీరు చేయగలిగింది. మీ పత్రికలో కోడిగుడ్ల ధర రోజూ వేస్తున్నారు, బంగారం ధర వేస్తున్నారు. వారానికోసారి రైతు బజారు ధరలు వేసి, ఆ పక్కనే ఆ వారం చవగ్గా ఉన్న కూరగాయతో ఒక పప్పు, ఒక పులుసు, ఒక వేపుడు ఎలా చేయాలో రాయండి. ఎంత ఖర్చో రూపాయల్లో రాయండి, ఎంతమందికి వస్తుందో రాయండి. 'తగినంత' అనే మాట వాడొద్దని నా మనవి, కొత్తగా నేర్చుకునేవాడికి ఎంత తగునో తెలిస్తే ఆ పేజీ చదివే పనేముంది, అర స్పూను అంటే అర స్పూను అని రాయండి. ఎందుకు అలా చేయాలో కూడా ఒక ముక్క చెప్పండి, ఆవాలు ముందెందుకు, చింతపండు తర్వాతెందుకు అని. కారణం తెలిసినవాడు ఇంకో కూరకి దాన్నే వాడుకుంటాడు. రంగుల ఫోటో లేకపోయినా పర్వాలేదు, నలుపు తెలుపులో పావు పేజీ చాలు. మీ చదువుల పేజీలో కరెంట్ అఫైర్స్ ఉంటాయి కదా, వాటి పక్కన వేస్తే ఇంకా మంచిది, ఈ పిల్లలు అదే పేజీ కత్తిరించుకుని గోడకి అంటించుకుంటారు.

రాయడానికి మీకు పెద్ద హోటళ్ల షెఫ్‌లు అవసరం లేదు. హాస్టళ్లలో, అంగన్‌వాడీల్లో, బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లని అడగండి, ఇచ్చిన కొద్ది డబ్బుల్లోనే అంతమందికి రుచిగా వండటం వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్ల పేరు, ఫోటో వేసి, రాసినందుకు వాళ్లకి డబ్బులు కూడా ఇవ్వండి. మా పైగదుల పిల్లలు కూడా రాస్తామంటున్నారు, కోడిగుడ్డు పులుసు తూకాలతో సహా రాసి పెట్టుకున్నారు, మీరు వేస్తామంటే పంపిస్తాను. మాఘమాసంలో చిక్కుడుకాయ ధర దిగుతుంది, మొదటి వారం దానితో మొదలుపెడితే బాగుంటుందని నా సలహా.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్.